తరుగు అంటే ఎంత?

సంక్రాంతి దగ్గరపడిందంటే మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక పాత జాబితా తిరగడం మొదలవుతుంది. కాడి, మేడి, కర్రు, గుంటుక, గొర్రు, మోట, గరిసె, కల్లం. పైన "ఈ మాటలు మీ పిల్లలకు తెలుసా?" అని ఉంటుంది, కింద మట్టి భాషను కాపాడుకుందామని పిలుపు ఉంటుంది. పంపినవాళ్ళకు పది పన్నెండు మంది దండాలు పెడతారు. ఉప్పల్‌లో బాల్కనీ కుండీలో తప్ప మట్టి కనపడని మాకు ఆ మురిపెం సహజమే. నాకు మాత్రం ఆ జాబితా చూస్తే ఒళ్ళు మంట.

మోట పోయినందుకు నాకేం బాధ లేదు. ఎర్రటి ఎండలో ఎద్దులను ముందుకూ వెనక్కూ నడిపించి బావిలోంచి నీళ్ళు తోడిన మనిషిని అడగండి, ఆయనకూ ఉండదు. కరెంటు మోటారు బిగించిన రోజు ఆ ఇంట్లో పండగే అయి ఉంటుంది. పనిముట్టు పోతే దాని పేరూ పోతుంది, పోనివ్వండి. నా గొడవంతా ఇప్పుడు, ఈ సీజన్లో, రైతు నోట్లో రోజూ నలిగే మాటల గురించి. తరుగు, తేమ, పదును, మందు, కౌలు. వీటిని ఎవరూ ఫార్వర్డ్ చేయరు, ఎందుకంటే వీటికి అర్థం అందరికీ తెలుసనే ధీమా. నిఘంటువు చెప్పే అర్థం తెలుసు, నిజమే. ఆ మాట వెనక ఎన్ని కిలోలు, ఎన్ని రూపాయలు, ఎవరి జేబు అన్నది తెలియదు. అది తెలియకుండానే మనం హైదరాబాద్‌లో టీవీ ముందు కూర్చుని "ఇంత ఇస్తున్నా ఈ రైతులకు ఇంకేం కావాలి" అంటూ ఉంటాం.

తరుగుతోనే మొదలుపెడతాను.

మా ఊరు జనగామ జిల్లాలో ఉంది. మొన్న యాసంగి కోతలప్పుడు ఊరికి వెళ్ళి కొనుగోలు కేంద్రం దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. హార్వెస్టర్‌తో కోసిన వడ్లు పచ్చిగా వస్తాయి. వాటిని పరదాల మీద పోసి, రోజూ కాళ్ళతో సాళ్ళు సాళ్ళుగా తిరగేస్తూ ఎండబెట్టాలి. తేమ 17 శాతానికి దిగితేనే కేంద్రంలో తీసుకుంటారు. మా భూమిని కౌలుకు చేసే అన్న వంతు వచ్చింది. కేంద్రంలో పనిచేసే మహిళా సంఘం అమ్మాయి కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు గింజలు తీసింది. పైన గింజ ఎండినా అడుగున చెమ్మ ఉంటుందని ఆ అమ్మాయికి తెలుసు, అన్నకూ తెలుసు. గింజల్ని మీటర్లో పోసి మూత బిగించింది. 18.4.

"ఇంకొక్క ఎండ తగలనియ్యి అన్నా."

ఇంకొక్క ఎండ అంటే ఇంకో రోజు పరదాల కిరాయి, ఇంకో రాత్రి కుప్ప దగ్గర కాపలా, మబ్బు పడితే టెన్షన్. ఇవేవీ మీటర్లో కనపడవు. అయినా అక్కడి దాకా నాకు పెద్ద అభ్యంతరం లేదు. పచ్చి వడ్లు కొంటే గోదాములో ముక్కిపోతాయి, 17 అనే హద్దుకు కారణం ఉంది.

మర్నాడు తేమ సరిపోయింది, తూకం మొదలైంది. మా దగ్గర కేంద్రాల్లో ఒక సంచికి 40 కిలోల లెక్క. ఖాళీ గోనె సంచి ఆరు వందల గ్రాముల దాకా తూగుతుంది. అంటే కాంటా మీద 40.6 పడగానే సంచి దించాలి. హమాలీ ఇంకో దోసెడు, ఇంకో దోసెడు పోస్తూ పోయి 41.6 దగ్గర ఆపాడు. రాసుకున్నది మాత్రం నలభై. ఆ ఒక్క కిలో ఏమిటని అడిగితే అన్న నవ్వి "తరుగు తమ్మీ" అన్నాడు, వాన గురించి చెప్పినంత తేలిగ్గా.

ఎందుకు తీస్తారంటే తాలు గింజలుంటాయి, మట్టి ఉంటుంది, మిల్లుకు చేరేలోపు ఇంకొంత ఆరుతుంది అంటారు. సరే, లెక్క చూద్దాం. నలభైకి కిలో అంటే క్వింటాలుకు రెండున్నర కిలోలు. 2025-26కు ఏ గ్రేడు వడ్ల మద్దతు ధర 2,389 రూపాయలు, కాబట్టి క్వింటాలుకు దాదాపు 60 రూపాయలు పోయినట్టు. ఎకరానికి పాతిక క్వింటాళ్ళు పండిస్తే సుమారు 1,500. తెలంగాణ ప్రభుత్వం పెట్టుబడి సాయంగా రైతు భరోసా కింద సీజనుకు ఎకరానికి ఇచ్చేది 6,000. దాంట్లో నాలుగో వంతు ఒక్క కిలో రూపంలో కాంటా దగ్గరే వెనక్కి వెళ్ళిపోయింది. మద్దతు ధర కోసం, భరోసా కోసం ధర్నాలు జరుగుతాయి, వార్తలు వస్తాయి. ఈ కిలో పేపర్లో జిల్లా పేజీ దాటి రాదు.

అసలు విషయం ఇంకోటుంది. కేంద్ర ప్రభుత్వం ప్రకటించే నాణ్యతా ప్రమాణాల్లోనే తేమ 17 శాతం దాకా, మట్టీ రాళ్ళలాంటివి 1 శాతం దాకా, ముడుచుకుపోయిన గింజలు 3 శాతం దాకా ఉండొచ్చని రాసి ఉంది. ఆ మాత్రం తాలు ఉంటుందని తెలిసే ఆ ధర పెట్టారు. అలాంటప్పుడు ప్రమాణాలకు లోబడిన వడ్లకు మళ్ళీ తరుగు తీయడమంటే ఒకే తాలుకు రెండుసార్లు డబ్బు పట్టుకోవడం. దాన్ని తరుగు అని పిలవడం వల్లే అది చెల్లుబాటవుతోంది. ఆ మాట వింటే ప్రకృతి సహజంగా తగ్గిపోయినదేదో అనిపిస్తుంది, ఎవరో తీసుకున్నట్టు అనిపించదు.

కొలతల మాటలన్నిటికీ ఈ గుణం ఉంది. "ఎకరానికి ముప్పై బస్తాలు పండింది" అంటే ఎంత పండినట్టు? కోస్తాలో ధాన్యం బస్తా అంటే 75 కిలోలు, కాబట్టి అది ఇరవై రెండున్నర క్వింటాళ్ళు. మా కేంద్రంలోని 40 కిలోల సంచుల లెక్కన చూస్తే పన్నెండు క్వింటాళ్ళే. హైదరాబాద్‌లో గుంటూరు మిత్రుడూ, కరీంనగర్ మిత్రుడూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని బస్తాల్లో వాదించుకుంటుంటే నేను మధ్యలో వేలు పెట్టను.

భూమి కొలతలు కొంచెం నయం, వాటిలో తేడా ఉన్నా లెక్క కుదురుతుంది. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు, ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. గుంట అంటే 121 చదరపు గజాలు, అంటే పదకొండు గజాలకు పదకొండు గజాలు. అడుగుల్లో 33 కి 33. చదరంగా ఊహించుకోవడానికి ఇంతకన్నా సుఖమైన కొలత లేదు. రెండున్నర సెంట్లయితే ఒక గుంట. ఈ గుంట ఇప్పుడు మా నగరంలో బాగా వాడుకలోకి వచ్చింది, ఎందుకో తర్వాత చెబుతాను.

శిఖం అనే మాట కూడా అలాగే వచ్చింది. చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే నేల శిఖం. ఎండాకాలం నీళ్ళు వెనక్కి తగ్గితే అందులో ఏదో ఒక పంట వేసుకోవచ్చు, ఇల్లు కట్టుకోకూడదు. ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి నగరానికి 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ బుల్‌డోజర్లు వచ్చాక గానీ తెలియలేదు. అప్పటిదాకా తూము, అలుగు, ఆయకట్టు మ్యూజియం మాటలు. ఆ తర్వాత ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్ళు నిలిచే హద్దు, ఎక్కడి దాకా అని ఫ్లాట్లు కొన్నవాళ్ళు మ్యాపులు పట్టుకుని తిరిగారు. నల్లకుంటలో ఉంటూ కుంట ఏదని ఎప్పుడూ అడగనివాళ్ళం మరి.

ఇక పదును. వ్యవసాయంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మాట ఇదే, దీని గురించి కాస్త ఎక్కువసేపు మాట్లాడతాను.

జూన్ 7, 8 తేదీల్లో మృగశిర కార్తె వస్తుంది. హైదరాబాద్‌లో ఆ రోజు చేపల ధర కొండెక్కుతుంది, నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో చేపమందుకు జనం బారులు తీరుతారు. నగరంలో మృగశిర అంటే అంతవరకే. ఊళ్ళో అది సాగు క్యాలెండర్లో ఒక గడి. కార్తెలు సూర్యుడి నడకను బట్టి వస్తాయి. ఇరవై ఏడు నక్షత్రాలకు ఏడాదిని పంచితే ఒక్కో కార్తెకు పదమూడు పద్నాలుగు రోజులు. తెలుగు నెలలు చంద్రుణ్ణి బట్టి నడుస్తాయి కాబట్టి ఇంగ్లీషు తేదీలతో పోలిస్తే ముందుకూ వెనక్కూ జరుగుతాయి, అధిక మాసమొస్తే ఇంకా గందరగోళం. కార్తె అలా కాదు, ఏటా అదే తేదీకి వస్తుంది. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిరలో చల్లబడుతుంది, ఆరుద్రలో వానలు నిలకడగా పడాలి. రుతుపవనాలు సూర్యుడి లెక్కనే నడుస్తాయి కాబట్టి రైతు కూడా సూర్యుడి లెక్కే పెట్టుకున్నాడు. ఇందులో మూఢనమ్మకమేమీ లేదు.

అయితే కార్తె చెప్పేది అదును మాత్రమే. విత్తనం వెయ్యాలా వద్దా అన్నది పదును చెబుతుంది. దుక్కిలో చెయ్యి పెట్టి జానెడు లోతు నుంచి గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించాలి. ముద్ద కట్టకుండా జారిపోతే తడి చాలదు. ముద్ద కట్టి, కింద పడేస్తే పొడిగా విడిపోవాలి. అది పదును. కింద పడి కూడా ముద్దగానే ఉండిపోతే తడి ఎక్కువైంది, అప్పుడు నాగలి పెడితే పెళ్ళలు లేస్తాయి, ఇంకో రోజో రెండు రోజులో ఆగాలి.

ఇదే సంగతిని వ్యవసాయ శాస్త్రవేత్తలు మిల్లీమీటర్లలో చెబుతారు. తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తిలాంటి మెట్ట పంటలు విత్తుకోమని ఏటా జూన్‌లో సలహా ఇస్తారు. మంచి సలహా. పిడికిలీ మిల్లీమీటరూ చెప్పేది ఒకటే. చిక్కల్లా ఎక్కడంటే, ఫోన్‌కు వచ్చే మెసేజ్ మండలం మొత్తానికి ఒక అంకె చెబుతుంది, పదును మడి మడికీ వేరుగా ఉంటుంది. ఎర్ర చెలకలో నీళ్ళు నిలవవు, వాన వెలిసి ఎండ కాస్తే రెండు మూడు రోజుల్లో పదును ఆరిపోతుంది. నల్లరేగడి తడిని పట్టుకుని కూర్చుంటుంది, ముందు దిగబడుతుంది, తర్వాత వారమైనా ఇస్తుంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ పరిశోధన సంస్థ ఆవరణలో ఈ రెండు నేలలూ ఉన్నాయి. ఒకే వాన పడ్డాక ఒక పక్క ట్రాక్టర్ దిగగలదు, ఇంకో పక్క దిగలేదు.

ఇప్పుడు టీవీ వార్త చూడండి: "తొలకరికే తొందరపడి విత్తిన రైతులు, మొలకెత్తక నష్టం." తొందరపాటు అనే మాట చూసి మనం తల ఊపుతాం. చెలక రైతుకు ఆ మూడు రోజుల్లోనే ట్రాక్టర్ దొరకాలి, కూలీలు దొరకాలి, ఊరంతా అదే మూడు రోజుల్లో అవే అడుగుతుంటారు. ఇప్పుడు ఆగితే మళ్ళీ పదును ఎప్పుడొస్తుందో ఏ కార్తె చెప్పదు. విత్తితే వాన ముఖం చాటేయొచ్చు. 2025లో పత్తి విత్తనాల ప్యాకెట్ 901 రూపాయలు, ఎకరానికి రెండు వేసినా 1,800. ఆ డబ్బు పందెం కాయడమా, అదును పోగొట్టుకోవడమా అన్న రెండిట్లో అతను ఒకటి ఎంచుకున్నాడు. దాన్ని తొందరపాటు అనేముందు అతని నేల రంగేమిటో అడగాలి కదా.

పత్తి విత్తనమంటే గుర్తొచ్చింది. "బీజీ-3" అని గుట్టుగా అమ్మే ప్యాకెట్లున్నాయి, గడ్డిమందు కొట్టినా పత్తి చావదంటారు. మన దేశంలో ఆ పేరుతో అనుమతి ఉన్న విత్తనమే లేదు. 2002లో బీటీ పత్తి వచ్చింది, 2006లో బీజీ-2 వచ్చింది, రెండు తర్వాత మూడే కదా అన్నట్టు ఎవరో ఆ అంకె తగిలించారు. అది మొలకెత్తకపోతే బిల్లు ఉండదు, పరిహారం ఉండదు.

మందు అనే మాటతో ఇంకో రకం తంటా. మా ఊళ్ళో యూరియా మందే, పురుగును చంపేదీ మందే, గడ్డిని మాడ్చేదీ మందే. దుకాణదారు "ఈ మందు కూడా కలిపి కొట్టు, పంట పచ్చగా లేస్తది" అని ఇంకో సీసా అంటగడితే అది పంటకు తిండో, విషమో, రంగు నీళ్ళో ఆ మాటను బట్టి తెలియదు. ఎరువుల పేర్లు మాత్రం అంకెల్లో ఉంటాయి. "ఇరవై ఇరవై రెండు బస్తాలియ్యి", "పద్నాలుగు ముప్పై ఐదు లేదా?" అని అడుగుతారు. ఆ అంకెలు పేర్లయిపోయి, అవి శాతాలన్న సంగతి వెనక్కి వెళ్ళిపోయింది. మొదటిది నత్రజని, రెండోది భాస్వరం, మూడోది పొటాష్. డీఏపీ అంటే 18-46-0. యాభై కిలోల బస్తాలో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు, పొటాష్ సున్నా. యూరియాలో 46 శాతం నత్రజని, మిగతావేవీ లేవు. 20-20-0-13లో మూడోది సున్నానే, నాలుగోది గంధకం. డీఏపీ, ఇరవై ఇరవై, యూరియా ఈ మూడింటితోనే నెట్టుకొచ్చే రైతు ఏళ్ళ తరబడి నేలకు బస్తాలకు బస్తాలు పోస్తూ కూడా పొటాష్ గింజ వేయనట్టే. నా ఉద్దేశంలో వ్యవసాయ పదాల జాబితా ఎవరైనా ఫార్వర్డ్ చేయాలనుకుంటే ఈ మూడు అంకెల అర్థం చేయాలి, కాడి మేడి కాదు.

రైతు బస్తాల్లోనే ఆలోచిస్తాడని ప్రభుత్వానికి కూడా తెలుసు. 2018లో యూరియా బస్తాను 50 కిలోల నుంచి 45కు తగ్గించారు. ఎకరానికి ఎన్ని బస్తాలన్న అలవాటు మారదు కాబట్టి వాడకం పదో వంతు తగ్గుతుందని ఆలోచన. అలవాటును ఎంత బాగా అర్థం చేసుకున్నారో చూడండి. అంత తెలివి తరుగు మీద కూడా పెట్టొచ్చు.

సన్నాలు, దొడ్డు వడ్ల సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. నగరంలో సన్నబియ్యమంటే అన్నం పొడిపొడిగా ఉండటం. బాపట్లలో తయారై 1986లో విడుదలైన సాంబ మసూరి, మన రాజేంద్రనగర్‌లో పుట్టిన తెలంగాణ సోనా అందరికీ తెలిసిన రకాలే. 2024 వానాకాలం నుంచి సన్న వడ్లకు క్వింటాలుకు 500 బోనస్ ప్రకటించాక, గింజ పొడవూ వెడల్పూ కొలిచే పరికరాలు కేంద్రాలకు వచ్చాయి. వంటింట్లో ఇష్టాయిష్టంగా ఉన్న మాట మిల్లీమీటర్లలోకి మారి ఐదు వందల రూపాయలైంది. ఇది మంచి మార్పే. మాటకు అంకె కట్టి, అది అందరికీ కనపడేలా రాసి పెడితే పేచీ తగ్గుతుంది.

ఈ సూత్రం మీద పెద్ద పేచీ నడుస్తున్న మాట ఖర్చు. మద్దతు ధర పెట్టుబడికి ఒకటిన్నర రెట్లు ఇస్తున్నామని కేంద్రం అంటుంది, ఇవ్వడం లేదని రైతు సంఘాలు అంటాయి. మా ఆఫీసులో వీటిలో ఒకటి అబద్ధమని అందరి నమ్మకం, ఏదన్నది వాళ్ళ వాళ్ళ పార్టీని బట్టి ఉంటుంది. రెండూ నిజమే. 2025-26కు సాధారణ రకం వడ్లకు ఖర్చు 1,579 రూపాయలని లెక్కగట్టి, దాని మీద సగం కలిపి 2,369 ప్రకటించారు. ఈ 1,579లో ఏ2, ఎఫ్‌ఎల్ అనే రెండు ముక్కలుంటాయి. ఏ2 అంటే చేతి నుంచి పోయినవి: విత్తనం, ఎరువు, కూలి, ట్రాక్టరు, నిజంగా కట్టిన కౌలు. ఎఫ్‌ఎల్ అంటే ఇంటిల్లిపాదీ చేసిన చాకిరీకి కట్టిన విలువ. మేము సొంతంగా సేద్యం చేసిన రోజుల్లో మా అమ్మ వంగి కలుపు తీసిన రోజులకు ఏ పుస్తకంలోనైనా ధర కట్టారంటే అది ఈ రెండక్షరాల కిందే. సంఘాలు అడిగేది సీ2, అంటే వీటికి సొంత భూమికి వచ్చే కౌలునూ, సొంత పెట్టుబడి మీద వడ్డీనీ కూడా కలపమని. స్వామినాథన్ అధ్యక్షతన పనిచేసిన జాతీయ రైతుల కమిషన్ ఉత్పత్తి ఖర్చు మీద కనీసం 50 శాతం ఇవ్వమంది. ఆ ఖర్చు ఏదన్నదే నేటి గొడవంతా.

పైగా ఆ 1,579 దేశం మొత్తానికి సగటు. కట్టిన కౌలు ఏ2లో చేరుతుంది గానీ, సొంత భూమి చేసుకునేవాళ్ళందరితో కలిపి సగటు తీసేసరికి అది పలచబడిపోతుంది. నిజంగా కౌలు కట్టేవాడికి తన ఖర్చు ఆ అంకెలో కనపడదు. ఈ ధరలు లెక్కగట్టే కమిషన్ 1965లో పెట్టినప్పుడు దాని పేరులో ధరలే ఉన్నాయి. ఖర్చులు అనే మాట 1985లో చేర్చారు. ఆ చేర్చిన మాట కిందే రైతూ ప్రభుత్వమూ ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు.

చివరికి అసలు మాట, రైతు. 2007 నాటి జాతీయ రైతు విధానం చాలా ఉదారంగా రాశారు. భూమి ఉన్నవాళ్ళతో పాటు కౌలుదార్లు, వ్యవసాయ కూలీలు, పశువులు పెంచేవాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, అందరూ రైతులే అందులో. డబ్బు ఇచ్చే దగ్గరికి వచ్చేసరికి ఆ ఉదారం ఉండదు. 2018లో తెలంగాణలో రైతు బంధు వచ్చింది, పట్టాదారు పాసుపుస్తకం ఉంటేనే. అదే ఏడాది 5 లక్షల రైతు బీమా వచ్చింది, దానికీ పాసుపుస్తకమే. ఏడాదికి 6,000 ఇచ్చే పీఎం కిసాన్‌కు భూమి పేరు మీద ఉండాలి. రైతు బంధు స్థానంలో 2025 జనవరిలో మొదలైన రైతు భరోసా కూడా పట్టాదారుకే.

మా ఆఫీసు మిత్రుడొకడు షాద్‌నగర్ అవతల ఐదు గుంటల ఫార్మ్ ల్యాండ్ కొన్నాడు, 605 గజాలు. చుట్టూ కంచె, గేటు, నాలుగు చందనం మొక్కలు. పాసుపుస్తకం వచ్చింది. రైతు బంధు కాలంలో ఎకరానికి 5,000 చొప్పున అతని ఐదు గుంటలకు సీజనుకు 625 రూపాయలు పడ్డాయి. ఆ మెసేజ్ మాకందరికీ చూపించి "ఈ రోజు రైతు టీ తాగిస్తున్నాడు" అన్నాడు. మంచివాడే, తప్పేమీ చేయలేదు, అడగకుండానే పడ్డాయి. తర్వాతి ప్రభుత్వం సాగులో లేని ఇలాంటి భూముల్ని తీసేస్తామంది.

మా సంగతి ఇంకో రకం. నాన్న పేరు మీద రెండెకరాలున్నాయి, సాగు చేసేది అన్న. పదును చూసేది, మీటర్ ముందు నిలబడేది, తరుగు పోగొట్టుకునేది అతను. భరోసా పడేది నాన్న ఖాతాలో. వడ్లు అమ్మేది కూడా నాన్న పాసుపుస్తకం మీదే, డబ్బు ఇక్కడికొచ్చి అక్కడికి వెళ్తుంది. భరోసా మొత్తాన్ని కౌలులో తగ్గించి సరిపెట్టుకుంటున్నాం గానీ, అది మా మంచితనం మీద నడుస్తోంది, అతని హక్కు మీద కాదు. అతనికేమైనా అయితే ఆ బీమా రాదు. వడగళ్ళు పడి పరిహారం ఇస్తే ఎవరి పేరున ఇస్తారో నాకు బాగా తెలుసు.

ఇలా ఉండాల్సిన అవసరం లేదు, ఒకప్పుడు ఇలా లేదు కూడా. ఊరి భూముల రికార్డు అయిన పాత పహాణీలో పట్టాదారు గడితో పాటు అనుభవదారు గడి ఉండేది. భూమి ఎవరిదన్నది ఒక చోట, ఎవరు చేస్తున్నారన్నది ఇంకో చోట. 2020లో భూ రికార్డుల పోర్టల్ ధరణి వచ్చినప్పుడు ఆ రెండో గడి తీసేశారు. ఒక్క గడి పోయింది, దాంతో రాష్ట్రంలో కౌలు చేసేవాళ్ళందరూ కాగితం మీద మాయమయ్యారు. ఆ గడిని అడ్డం పెట్టుకుని గతంలో అక్రమాలు జరిగాయంటారు, ఆ మాటలో నిజముంది. లంచం తీసుకుని ఊరూ పేరూ లేనివాళ్ళను అనుభవదార్లుగా రాసిన సందర్భాలున్నాయి. అందుకు రాసే పద్ధతి మార్చాలి గానీ గడినే కొట్టేస్తారా?

భూమి ఉన్నవాళ్ళ భయం ఎక్కణ్ణుంచి వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది, తర్వాత దాని 38-ఇ సెక్షన్ కింద వాళ్ళలో చాలామందికి ఆ భూమి మీద యాజమాన్యం వచ్చింది. అది న్యాయమైన పనే, జాగీర్ల నాటి తెలంగాణలో అది జరగాల్సిందే. కానీ కాగితం మీద కౌలుదారు పేరు పడితే భూమి చేజారుతుందన్న గుబులు అప్పటి నుంచి రెండెకరాల ఆసామికి కూడా పట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2011లో సాగుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం తెచ్చారు, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం తెచ్చారు. రెండో దానిలో పదకొండు నెలలకు ఒప్పందం, పంట మీదే హక్కు, భూమి మీద ఏ హక్కూ రాదని స్పష్టంగా ఉంది. అయినా యజమాని సంతకం కావాలి, అక్కడే చాలా కార్డులు ఆగిపోయాయి. నన్నడిగితే తెలంగాణ ఆ చట్టం తెచ్చుకుని సంతకం షరతు తీసేయాలి. పంట నమోదుకు వచ్చే వ్యవసాయ విస్తరణ అధికారి ఎలాగూ చేను చూస్తాడు. చేలో ఎవరున్నారో ఆ పేరు రాసుకుంటే చాలు.

ఈ మాట నాన్నతో అన్నాను. చట్టం వచ్చేదాకా ఆగకుండా మనమే ఏడాదికో కౌలు కాయితం రాసిద్దాం, భరోసా మొత్తం కౌలులో తగ్గుతుందనీ, పంట పరిహారం వస్తే అది అన్నకేననీ అందులో పెడదాం అన్నాను. నాన్న కాదనలేదు. "కాయిదం మీద సంతకమంటే సోంచాయించాలె బిడ్డా" అన్నాడు. యాసంగి నాట్లు పడిపోయాయి, సంతకం ఇంకా పడలేదు.